టీవీ గీతల్లో పుట్టిన 44,100

సీడీలో ఉన్న పాట అంటే, సెకనుకు 44,100 సార్లు తీసిన కొలతల వరుస. ఈ 44,100 చూడముచ్చటైన సంఖ్య. 210ని 210తో గుణిస్తే వస్తుంది. మొదటి నాలుగు ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7ల వర్గాలను ఒకదానితో ఒకటి గుణించినా ఇదే వస్తుంది. గణితం మీద ప్రేమ ఉన్నవారెవరో తీరిగ్గా కూర్చుని ఎంచుకున్నట్టు కనిపిస్తుంది. కానీ ఇది టెలివిజన్ తెర మీది గీతల లెక్కలోంచి వచ్చిన సంఖ్య.

సీడీకి సంబంధించిన ఏ కొలత తీసుకున్నా ఇలాంటి కథే బయటపడుతుంది. 12 సెంటీమీటర్ల వ్యాసం, 16 బిట్లు, 74 నిమిషాలు, మధ్యలో 15 మిల్లీమీటర్ల రంధ్రం, ఇవన్నీ 1979, 1980లలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, జపాన్‌లోని టోక్యోలో ఫిలిప్స్, సోనీ ఇంజనీర్లు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్నవి. ఇంతకంటే తగ్గితే పని జరగదు అనే హద్దును భౌతికశాస్త్రం గీసింది. ఆ హద్దుకు పైన ఏ సంఖ్య దగ్గర ఆగాలన్నది మాత్రం ఆ రోజున ఎవరి చేతిలో ఏ యంత్రం ఉంది, ఎవరి కర్మాగారం ఎంతవరకు సిద్ధమైంది అన్నదాన్ని బట్టి తేలింది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప సీడీ అర్థం కాదు.

చెవి అడిగింది ఎంత?

ఆరోగ్యవంతుడైన యువకుడి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు పెరిగే కొద్దీ పైహద్దు దిగుతూ వస్తుంది. ధ్వనిని అంకెలుగా మార్చాలంటే క్షణక్షణం దాని ఎత్తు కొలిచి రాసుకోవాలి. అలా తీసిన ఒక్కో కొలతనే శాంపిల్ అంటారు. తరంగం ఒకసారి పైకి లేచి ఒకసారి కిందికి దిగుతుంది కనుక, ఒక్కో తరంగానికి కనీసం రెండు కొలతలైనా ఉంటే తప్ప దాని కదలిక దొరకదు. అంటే, వినవలసిన అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో శాంపిళ్లు తీయాలి. ఇంజనీర్లు నైక్విస్ట్ 1928లో, కొతెల్నికోవ్ 1933లో వేసిన దారిని గణితవేత్త షానన్ 1949లో స్పష్టమైన సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆ నియమం తప్పితే ఏమవుతుందో పాత సినిమాలు చూసినవారికి తెలుసు. వేగంగా పరుగెడుతున్న జట్కాబండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కెమెరా సెకనుకు తీసే బొమ్మల సంఖ్య చక్రం వేగానికి చాలకపోవడమే అందుకు కారణం. ధ్వనిలోనూ అంతే. శాంపిళ్లు చాలకపోతే, అసలు పాటలో లేని స్వరాలు కింది స్థాయిలో మొలుచుకొస్తాయి.

కాబట్టి 20,000కు రెట్టింపు 40,000. దానికి కొంత వెసులుబాటు కలపాలి. 20,000 హెర్ట్జ్ వరకు అన్నింటినీ యథాతథంగా వదిలి, ఆ పైన ఉన్నదాన్ని పూర్తిగా ఆపేసే వడపోత కావాలి. గోడ కట్టినట్టు నిట్టనిలువుగా ఆపే వడపోతను ఏ పరికరమూ చేయలేదు. కొంత వాలు తప్పదు. 44,100లో సగం 22,050. అంటే 20,000 నుంచి 22,050 దాకా ఉన్న 2,050 హెర్ట్జ్ ఆ వాలు కోసం వదిలిన చోటు. ఇరుకైన చోటే అది. తొలి పరికరాల్లో ఈ వడపోతలు తయారు చేయడానికి ఇంజనీర్లు పడ్డ కష్టం తక్కువది కాదు.

సిద్ధాంతం చెప్పింది 40,000కు పైన ఉండమనే. ఆ కాలంలో రకరకాల రేట్లు వాడుకలో ఉన్నాయి. బీబీసీ తన రేడియో ప్రసారాల కోసం 32,000 తీసుకుంది, ఎందుకంటే ఎఫ్‌ఎం రేడియోకు 15,000 హెర్ట్జ్ చాలు. జపాన్‌లో డెనాన్ సంస్థ 1972లో చేసిన డిజిటల్ రికార్డర్ రేటు 47,250. అమెరికాలో థామస్ స్టాక్‌హామ్ నెలకొల్పిన సౌండ్‌స్ట్రీమ్ 50,000 వాడింది. బీబీసీ అవసరం వేరు కనుక దాన్ని పక్కన పెడితే, మిగిలిన రెండూ సీడీకి కూడా పనికొచ్చే రేట్లే. మరి 44,100 ఎలా నెగ్గింది?

తెర మీద వణికే గళ్లు

1970ల చివర్లో డిజిటల్ సంగీతానికి ఉన్న పెద్ద చిక్కు, దాన్ని దాచే చోటు లేకపోవడం. రెండు ఛానెళ్ల స్టీరియో, ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు అనుకుంటే సెకనుకు 14,11,200 బిట్లు. గంట సంగీతానికి సుమారు 635 మెగాబైట్లు. ఆ రోజుల్లో కంప్యూటర్ డిస్కులకు ఇది మోయలేని బరువు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3380 అనే యూనిట్ 2.5 గిగాబైట్లు పట్టేది గానీ అది అలమరంత యంత్రం. మామూలు ఆడియో టేపు అంత వేగంగా అంకెలను రాసుకోలేదు.

రాసుకోగలిగిన యంత్రం స్టూడియోల్లో అప్పటికే ఉంది. అది వీడియో రికార్డర్. బొమ్మను రికార్డు చేయాలంటే ధ్వని కంటే ఎన్నో రెట్లు వేగంగా మారే సంకేతాన్ని పట్టుకోవాలి. ఆ వేగమే ఇప్పుడు అక్కరకొచ్చింది. సోనీ 1978లో తెచ్చిన పీసీఎం-1600 అనే పరికరం, తర్వాత వచ్చిన 1610, 1630 చేసిన పని ఇదే. సంగీతాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెలను తెలుపు నలుపు చుక్కలుగా చేసి, టీవీ బొమ్మ రూపంలో యూ-మాటిక్ వీడియో టేపు మీదికి పంపేవి. ఆ టేపును ఎవరైనా టీవీకి తగిలించి చూస్తే పాడేవారు కనిపించరు. తెర నిండా చిన్న చిన్న తెలుపు నలుపు గళ్లు, అడ్డ వరుసల్లో, క్షణం నిలవకుండా వణుకుతూ ఉంటాయి. వేళ్లాడే ముత్యాల తెరను ఎవరో ఊపుతున్నట్టుంటుంది. సంగీతాన్ని చూడటం అంటే అదే.

ఇక్కడే లెక్క మొదలవుతుంది. అమెరికా, జపాన్ టీవీ పద్ధతిలో సెకనుకు 60 సార్లు తెర నిండుతుంది. ఒక్కోసారి వచ్చే గీతల్లో అంకెలు రాసుకోవడానికి పనికొచ్చేవి 245. యూరప్ పద్ధతిలో సెకనుకు 50 సార్లు నిండుతుంది, పనికొచ్చే గీతలు 294. మన దూరదర్శన్ ఎంచుకున్న 625 గీతల పద్ధతీ ఈ రెండో కుటుంబానిదే. ఇప్పుడు ఒక్కో గీతలో ఒక్కో ఛానెల్‌కు ఎన్ని శాంపిళ్లు పెట్టాలి? రెండు పెడితే సెకనుకు 29,400 వస్తాయి, చెవికి చాలవు. నాలుగు పెడితే 58,800, గీతలో చోటు చాలదు. మూడు పెడితే 245 × 60 × 3 = 44,100. యూరప్ వైపు నుంచి చూసినా 294 × 50 × 3 = 44,100.

రెండు ఖండాల టీవీ పద్ధతులు ఒకే సంఖ్య దగ్గర కలుసుకున్నాయి. అదృష్టం అనిపించే ఈ కలయికకు కారణం మొదట చెప్పిన ప్రధాన సంఖ్యల్లోనే ఉంది. 2, 3, 5, 7లు రెండేసి సార్లు ఉన్న సంఖ్య కనుక దాన్ని 60తోనూ నిశ్శేషంగా భాగించవచ్చు, 50తోనూ భాగించవచ్చు. ఏ దేశపు వీడియో రికార్డర్ తీసుకున్నా పనిచేసే రేటు దొరికింది. ఒక్క చిన్న మెలిక ఉంది. అమెరికా రంగుల టీవీ సరిగ్గా 60 సార్లు కాకుండా 59.94 సార్లు తెర నింపుతుంది. ఆ లెక్కన రేటు 44,056 అవుతుంది. ఆ రేటుతో నడిచే పరికరాలు కూడా కొన్నాళ్లు ఉన్నాయి. వెయ్యిలో ఒక వంతు తేడా అది, శ్రుతిలో చెవి పట్టుకోలేనిది.

సీడీ కర్మాగారానికి సంగీతం చేరేది ఈ వీడియో టేపుల మీదే. మూల టేపులో ఒక రేటు, డిస్కులో మరో రేటు పెట్టడమంటే ప్రతి రికార్డింగునూ మార్పిడి చేయడం. ఆనాటి పరికరాలతో అది ఖరీదైన పని, నాణ్యతకు చేటు కూడా. అందుకే వీడియో టేపు రేటే డిస్కు రేటు అయింది.

పద్నాలుగా, పదహారా?

బిట్ల సంఖ్య మీద జరిగిన వాదన మరోలాంటిది. ఒక్కో బిట్ కలిపితే, అత్యంత చిన్న ధ్వనికీ అత్యంత పెద్ద ధ్వనికీ మధ్య పట్టగల దూరం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 14 బిట్లకు 84, 16 బిట్లకు 96. మంచి ఎల్పీ రికార్డు కంటే ఈ రెండూ ఎంతో మెరుగే. ఫిలిప్స్ 1979 మార్చి 8న ఐండ్‌హోవెన్‌లో పత్రికల వారికి చూపించిన నమూనా యంత్రం 14 బిట్లది. అంకెలను తిరిగి ధ్వనిగా మార్చే 14 బిట్ల చిప్పును ఆ సంస్థ ఎంతో శ్రమించి తయారు చేసుకుంది. నమ్మకంగా పనిచేసే 16 బిట్ల చిప్పును ఇంటి పరికరానికి తగ్గ ధరలో తయారు చేయడం అప్పటికి కష్టమే.

సోనీ 16 బిట్లకే పట్టుబట్టింది. దీర్ఘకాలం ఉండబోయే ప్రమాణాన్ని ఇవాళ్టి చిప్పుకు కట్టేయకూడదన్నది ఆ వాదన సారం. 16 అంటే సరిగ్గా రెండు బైట్లు, కంప్యూటర్ లోకంతో సఖ్యత కూడా ఉంటుంది. చివరికి 16 నిలిచింది. సీడీ చరిత్ర మొత్తంలో ఇంత ముందుచూపు ఉన్న నిర్ణయం ఇంకొకటి లేదని చెప్పవచ్చు. చేతిలో లేని పరికరం కోసం చోటు వదిలిన సందర్భం ఇదొక్కటే.

ఓడిపోయిన ఫిలిప్స్ చేసిన పని మాత్రం చాలా అందమైనది. తన 14 బిట్ల చిప్పును పారేయలేదు. శాంపిల్ రేటును నాలుగు రెట్లు, అంటే 1,76,400కు పెంచి, కొలతలో మిగిలిపోయే చిన్న చిన్న తప్పులను చెవికి వినబడని పై పౌనఃపున్యాల వైపు నెట్టేసింది. దాంతో 14 బిట్ల చిప్పు నుంచే 16 బిట్లకు సాటివచ్చే ఫలితం రాబట్టింది. పైగా నిట్టనిలువు వడపోత చిక్కు కూడా తీరింది, ఎందుకంటే అంత ఎత్తు రేటు దగ్గర వాలుకు కావలసినంత చోటు ఉంటుంది. సోనీ మొదటి ప్లేయర్ సీడీపీ-101 వేరే దారి పట్టింది. దానిలో 16 బిట్ల చిప్పు ఒక్కటే ఉండేది. అది ఎడమ ఛానెల్‌కు ఒకసారి, కుడి ఛానెల్‌కు ఒకసారి వంతులవారీగా పనిచేసేది. అందువల్ల రెండు ఛానెళ్ల మధ్య సెకనులో లక్షో వంతు పాటి వ్యవధి వచ్చేది. నెగ్గిన సంస్థ చిప్పులు పంచుకోవలసి రావడం, ఓడిన సంస్థ వడపోత సమస్యను కూడా గెలవడం, ఆ రోజుల్లో ఈ పని ఎంత కొత్తదో చెబుతాయి.

సెంటీమీటరులో సగం

సీడీ గురించి అందరికీ తెలిసిన కథ ఒకటుంది. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మొత్తం ఒకే డిస్కులో పట్టాలని సోనీ పెద్ద నోరియో ఓగా పట్టుబట్టాడని, అందుకే 74 నిమిషాలు వచ్చాయని. ఓగా శాస్త్రీయ శిక్షణ పొందిన గాయకుడు, బెర్లిన్‌లో చదువుకున్నవాడు. వాద్యబృంద నిర్వాహకుడు ఫుర్త్వెంగ్లర్ 1951లో జర్మనీలోని బైరాయిట్‌లో నిర్వహించిన ఆ సింఫనీ రికార్డింగు దాదాపు 74 నిమిషాలు సాగుతుంది. సంగీతం తెలిసిన మనిషి సంగీతాన్ని మధ్యలో తెంచవద్దని కోరడంలో అబద్ధం ఏమీ ఉండనవసరం లేదు. గ్రామఫోను ప్లేటు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పలికే రోజుల్లో మన రంగస్థల నటులు ఆలాపన కుదించుకుని పద్యాలు పాడవలసి వచ్చింది. కొలత కళను ఎలా నొక్కేస్తుందో తెలిసినవారికి ఓగా కోరిక వెంటనే అర్థమవుతుంది.

అయితే ఆ కథ ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఇంజనీర్లకు అన్యాయం చేసినట్టే. ఆ చర్చల్లో ఫిలిప్స్ తరఫున పనిచేసిన కీస్ ఇమ్మింక్ తర్వాత రాసిన వివరణ మరో కోణం చూపిస్తుంది. ఫిలిప్స్ మొదట అనుకున్న వ్యాసం 11.5 సెంటీమీటర్లు. అంతకుముందు 1963లో అదే సంస్థ తెచ్చిన కాంపాక్ట్ క్యాసెట్టు పరిమాణం మనసులో పెట్టుకుని, ఒక మూల నుంచి ఎదుటి మూల దాకా ఉండే కొలత దరిదాపుల్లో దీన్ని నిర్ణయించారు. క్యాసెట్టుకు సారథ్యం వహించిన లూ ఓటెన్సే సీడీ పనిలోనూ ముందున్నాడు. జేబులో, కారులో ఇమిడే వస్తువు కావాలన్నది ఆయన ఆలోచన. ఫిలిప్స్‌కు వాటా ఉన్న పాలీగ్రామ్ సంస్థ జర్మనీలోని హానోవర్ దగ్గర డిస్కులు అచ్చొత్తే కర్మాగారాన్ని 11.5 సెంటీమీటర్ల లెక్కతోనే సిద్ధం చేసుకుంటోంది. సోనీకి అప్పటికి అలాంటి కర్మాగారం లేదు. వ్యాసం మారితే ఫిలిప్స్‌కు ఉన్న ఆ ముందంజ పోతుంది. 1980లో వ్యాసం 12 సెంటీమీటర్లుగా స్థిరపడింది. సింఫనీ మీది ప్రేమకూ పోటీదారు కర్మాగారం మీది లెక్కకూ ఒకే సంఖ్య సరిపోయింది.

ఈ అర సెంటీమీటరుకు ఎంత విలువ ఉందో ఎవరైనా కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. డిస్కు మధ్య నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర సంగీతం మొదలై 58 మిల్లీమీటర్ల దగ్గర ముగుస్తుంది. ఆ ఉంగరం వైశాల్యం సుమారు 8,600 చదరపు మిల్లీమీటర్లు. సర్పిలంగా తిరిగే దారిలో ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 625 చుట్లు. వైశాల్యాన్ని ఆ దూరంతో భాగిస్తే దారి పొడవు 5.38 కిలోమీటర్లు వస్తుంది. లేజర్ కింద ఆ దారి సెకనుకు 1.2 మీటర్ల వేగంతో సాగుతుంది. 5,380ని 1.2తో భాగిస్తే 4,480 సెకన్లు, అంటే 74 నిమిషాల పైచిలుకు. ఇదే లెక్కను 11.5 సెంటీమీటర్ల డిస్కుకు వేస్తే అంచు 2.5 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది, 67 నిమిషాలే మిగులుతాయి. అరచేతిలో ఇమిడే ఆ బిళ్ల మీద ఐదు కిలోమీటర్లకు మించిన దారి ఉందన్న సంగతి ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే.

అసలు మలుపు 1980 జూన్ ప్రాంతంలో వచ్చింది. ఇమ్మింక్ రూపొందించిన ఈఎఫ్ఎం అనే రాత పద్ధతిని అప్పుడు ఖరారు చేశారు. దానివల్ల అంతే చోటులో సుమారు 30 శాతం ఎక్కువ సమాచారం పట్టే వీలు వచ్చింది. ఆ లాభాన్ని పూర్తిగా వాడుకుంటే 12 సెంటీమీటర్ల డిస్కులో 97 నిమిషాలు పట్టేవి, లేదా 74 నిమిషాలకు ఇంకా చిన్న డిస్కు చాలేది. వ్యాసం మీద ఒప్పందం అప్పటికే అయిపోయింది. అందుకని రాత సాంద్రతను తగ్గించి 74 నిమిషాల దగ్గరే ఉంచారు. ఆ సడలింపు వృథా పోలేదు. డిస్కు మీద అంకెలను మోసే గుంటలు కాస్త పెద్దవైతే అచ్చొత్తడం తేలిక, ప్లేయర్ చదవడం తేలిక, ధూళినీ గీతలనూ తట్టుకోవడం తేలిక. సింఫనీ ఒక్కటే కొలబద్ద అయి ఉంటే డిస్కు ఇంకా చిన్నదై ఉండేది. పైగా మొదటి రోజుల్లో మూల టేపుగా వాడిన యూ-మాటిక్ క్యాసెట్టు 72 నిమిషాలే పట్టేది. ఫుర్త్వెంగ్లర్ రికార్డింగు మొత్తం ఒకే డిస్కులో రావడానికి ఆ అడ్డంకి తొలగేదాకా ఆగవలసి వచ్చింది.

మధ్యలోని 15 మిల్లీమీటర్ల రంధ్రం గురించి పెద్ద వాదన జరగలేదు. అప్పటి డచ్చి పది సెంట్ల నాణెం వ్యాసం సరిగ్గా అంతే. ఆ నాణెమే కొలతగా పనికొచ్చిందని చెబుతారు.

గీత పడ్డా పాట ఆగదు

ఇన్ని కొలతల్లోకీ అసలు సీడీని సాధ్యం చేసినవి పైకి కనిపించనివి. డిస్కు మీది గుంటలు అర మైక్రోమీటరు వెడల్పు ఉంటాయి. తల వెంట్రుక మందంలో అలాంటివి వంద దాకా పక్కపక్కన పడతాయి. అలాంటి ఉపరితలాన్ని జనం చేతులతో పట్టుకుంటారు, బల్ల మీద బోర్లిస్తారు, చొక్కాకు తుడుస్తారు. ఒక్క తప్పూ లేకుండా చదవడం అసాధ్యం. అందుకే తప్పులు జరుగుతాయన్న నమ్మకంతోనే మొత్తం నిర్మాణం జరిగింది.

మొదటి కవచం 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బొనేట్. గుంటలు దాని వెనుక, పైన అచ్చు ఉన్న వైపుకు దగ్గరగా ఉంటాయి. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజర్ కాంతి కటకం గుండా వచ్చి డిస్కు ఉపరితలాన్ని తాకేటప్పుడు దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోపలికి వెళ్లి గుంటల పొరను చేరేసరికి 1.7 మైక్రోమీటర్లకు కుదించుకుపోతుంది. ఉపరితలం మీద పడ్డ ధూళి రేణువు, కళ్లద్దాల మీది మరక లాంటిది. దూరంగా ఉన్న వస్తువు మీద చూపు నిలిపితే ఆ మరక కనిపించదు కదా.

రెండో కవచం సీఐఆర్‌సీ అనే తప్పుల సవరణ పద్ధతి. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో ప్రచురించిన గణితమే దీనికి పునాది. ప్రతి 24 బైట్ల సంగీతానికి 8 బైట్ల కాపలా సమాచారం చేర్చి, తర్వాత వాటిని చెదరగొట్టి, ఫ్రేములు అనే చిన్న చిన్న కట్టలుగా రాస్తారు. ఒక ఉత్తరాన్ని ఊహించండి. దానిలో ఒక వాక్యం పూర్తిగా చిరిగిపోతే ఏం రాశారో ఎవరూ చెప్పలేరు. అదే పాతిక అక్షరాలు పోయినా, పాతిక వాక్యాల్లో ఒక్కొక్కటి చొప్పున పోతే ఉత్తరం చదువుకోవడానికి ఇబ్బంది ఉండదు. డిస్కు మీద పక్కపక్కన ఉన్న బైట్లు పాటలో పక్కపక్కన ఉండవు. వంద ఫ్రేములకు పైగా పరచుకుని ఉంటాయి. గీత పడి ఒక చోట వరసగా నష్టం జరిగినా, ప్లేయర్ బైట్లను తిరిగి అసలు వరసలో పేర్చేసరికి ఆ నష్టం అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరిపోతుంది. చెదిరిన చిన్న తప్పులను కాపలా బైట్లు సరిచేస్తాయి. దారి మీద వరసగా సుమారు 4,000 బిట్లు, పొడవులో 2.5 మిల్లీమీటర్లు, పూర్తిగా పోయినా పాటలో ఒక్క అంకె కూడా మారదు. అంతకు మించితే ఇరుగుపొరుగు శాంపిళ్లను బట్టి ఊహించి పూరిస్తుంది.

సీడీని తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదని, మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవాలని చెప్పే మాట వెనుక ఉన్నది ఇదే లెక్క. నిలువు గీత ఎంత పొడవున్నా ప్రతి చుట్టునూ ఒక్కసారి మాత్రమే అడ్డంగా కోస్తుంది. ఆ కోత వెడల్పు ఏ పావు మిల్లీమీటరో ఉంటుంది, సవరణకు అది లెక్కలోకి రాదు. దారి వెంట పడిన గీత సన్నగా, కంటికి ఆననంతగా ఉన్నా ఒకే చుట్టును సెంటీమీటర్ల కొద్దీ తినేస్తుంది. అక్కడ పాట తడబడుతుంది.

చివరిది ఈఎఫ్ఎం. గుంట మరీ చిన్నదైతే లేజర్ దాన్ని చూడలేదు, మరీ పొడవైతే ప్లేయర్ లయ తప్పుతుంది. గుంట అంచు వచ్చిన చోట ఒకటి, మిగతా చోట్ల సున్నా అని లెక్క. అందుకని ఒక ఒకటికీ మరో ఒకటికీ మధ్య కనీసం రెండు సున్నాలు, అత్యధికంగా పది సున్నాలు ఉండాలని నియమం. 8 బిట్ల బైటును నేరుగా రాస్తే ఈ నియమం నిలవదు. 14 బిట్ల పదాలు 16,384 ఉన్నాయి. నియమాన్ని పాటించేవి వాటిలో 267. బైటుకు కావలసినవి 256. సరిపోయాయి. పదాల మధ్య అతుకుగా మూడు బిట్లు. అంటే 8 బిట్ల కోసం 17 రాయాలి. రెట్టింపు రాస్తే చోటు ఎలా ఆదా అవుతుందన్న అనుమానం సహజం. కనీస గుంట పొడవు మూడు బిట్లకు సమానం కనుక, లేజర్ చూడగలిగే అతి చిన్న గుంటలోనే మూడు బిట్లు ఇముడుతాయి. ఆ లాభం ముందు రెట్టింపు రాత నష్టం చిన్నది.

అన్నీ కలిపితే ఒక ఫ్రేము 588 బిట్లు, సెకనుకు 7,350 ఫ్రేములు, మొత్తం 43,21,800 బిట్లు. సంగీతం 14,11,200. డిస్కు మీది ప్రతి మూడు బిట్లలో దాదాపు ఒక్కటే పాట. మిగిలిన రెండూ ఆ ఒక్కటి క్షేమంగా చేరడానికి తోడు నడిచేవి.

ప్రమాణం పోయినా సంఖ్య మిగిలింది

1980 జూన్ నాటి ఒప్పందానికి, అట్ట రంగును బట్టి రెడ్ బుక్ అనే పేరు వచ్చింది. జేవీసీ, టెలిఫుంకెన్‌ల పోటీ పద్ధతులు వెనకబడ్డాయి. 1982 ఆగస్టు 17న హానోవర్ దగ్గరి కర్మాగారంలో డిస్కుల ఉత్పత్తి మొదలైంది. అక్టోబరు 1న జపాన్‌లో సోనీ ప్లేయర్ 1,68,000 యెన్ల ధరతో అంగళ్లకు వచ్చింది.

కంప్యూటర్ సమాచారం కోసం సీడీ-రామ్ వచ్చినప్పుడు ఈ కొలతలే దానికీ సంక్రమించాయి. ఒక సెకను పాటలో 75వ వంతు అంటే 2,352 బైట్లు. అందులో 2,048 బైట్లు సమాచారానికి ఇచ్చి, మిగిలినవి చిరునామాకూ అదనపు సవరణకూ కేటాయించారు. ఎందుకంటే పాటలో ఊహించి పూరించిన శాంపిల్ చెవికి తెలియదు గానీ, బ్యాంకు ఖాతాలో ఊహించి పూరించిన అంకె పనికిరాదు. 74 నిమిషాలకు ఆ లెక్క 650 ఎంబీ. తర్వాత చుట్ల మధ్య దూరాన్ని అనుమతించిన మేరకు బిగించి 80 నిమిషాలు చేస్తే అది 700 ఎంబీ అయింది. 2000ల తొలి సంవత్సరాల్లో హైదరాబాద్ కోఠిలోనూ విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ వంద పాటల ఎంపీ3 సీడీలు కొన్నవారికీ, ఇంట్లో ఖాళీ సీడీలు రాసుకున్నవారికీ ఆ 700 ఎంబీ బాగా పరిచయం. అది సంగీతం నిమిషాల లెక్కకు కంప్యూటర్ భాషలో వచ్చిన అనువాదం.

ఇప్పుడు పాటలు వినడానికి డిస్కు అక్కర్లేదు. ఫోనులో పాట ఫైలు వివరాలు తెరిస్తే చాలాసార్లు కనిపించేది 44.1 కిలోహెర్ట్జే. సినిమా, టీవీ రంగాలు మాత్రం 48,000 రేటుకు స్థిరపడ్డాయి. టీవీ గీతల్లోంచి పుట్టిన సంఖ్య సంగీతానికి దక్కి, టీవీ మరో సంఖ్య వాడుకోవడం చరిత్రలో జరిగిన మార్పిడి. ఈ రెండు రేట్ల నిష్పత్తి 147కు 160. సీడీ కోసం రికార్డు చేసిన పాటను ఒక వీడియోలో చేర్చిన ప్రతిసారీ, ఎక్కడో ఒక కంప్యూటర్ ప్రతి 147 శాంపిళ్ల చోట 160 శాంపిళ్లను కొత్తగా లెక్కగట్టి పెడుతూనే ఉంది.